పెద్ద రైఫిల్‌కి నిలబడి కాల్చే రెస్ట్ ఇంటికాడ ఎట్ల కట్టుకోవాలె

మా పెద్దనాయిన దగ్గర ఒక పాత 375 రైఫిల్ ఉన్నది, తాత పేరు మీదికెళ్లి లైసెన్సు మార్పించుకున్నది. 375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా 1912ల వచ్చింది, ఇప్పటికీ దునియా మొత్తం నడుస్తనే ఉన్నది. మంచి రైఫిల్, కట్టె నున్నగ, బోల్టు వెన్నలెక్క జారుతది, కని కాల్చినప్పుడు ఎన్కకు తన్నే దాని దెబ్బ దెబ్బే. రెండేండ్ల కింద షూటింగ్ రేంజికి తీస్కపోయి బెంచి మీద కూసోని సైటు, అంటే గురి, సరిచేద్దామని నాలుగు రౌండ్లు కాల్చిండు, తెల్లారి చూస్తె భుజమెముక కాడ నల్లగ కమిలిపోయి చెయ్యి లేస్తలేదు. అప్పుడనుకున్న, గీ బెంచి మనకు పనికిరాదు, నిలబడి కాల్చేదానికి రెస్ట్ ఒకటి, అంటే రైఫిల్ ఆనిచ్చుకునే స్టాండు, కట్టాలె అని. మాది దేవరకొండ దిక్కు వెల్డింగ్ షాప్, కట్టె పని సుత మా ఇంట్ల ఉన్నదే, అందుకని నేనే కట్టిన, మూడుసార్లు కట్టిన, మూడోది నిలబడ్డది. దాని లెక్కంత ఇక్కడ రాస్తున్న, లైసెన్సు ఉండి పెద్ద రైఫిల్ ఉన్నోళ్లకు పనికొస్తదని.

ముందుగాల ఒక్క మాట, ఇది రేంజి మీద సైటు సరిచేసుకునెతందుకే. ఆర్మ్స్ యాక్ట్ 1959 కింద లైసెన్సు, దాంట్ల రాసిన తుపాకి, లైసెన్సున్న రేంజి, ఇవి మూడు ఉంటేనే. చేన్ల పెట్టి కాల్చెతందుకు కాదు, అడివిల అసలే కాదు, మనకు పక్కనే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉన్నది, వేట 1972 వన్యప్రాణుల చట్టం కింద బంద్ ఉన్నది. 375 తూటా ఎక్కడిదాకనో పోతది, ఎన్కాల పెద్ద మట్టికట్ట లేనికాడ దాన్ని తియ్యనే తియ్యొద్దు.

ఇగ నిలబడే ఎందుకు కాల్చాలె అంటే, బెంచి మీద కూసున్నప్పుడు మనిషి ముందుకు వంగి ఉంటడు, ఛాతి బల్లకు ఆనుకోని ఉంటది, నడుము కదలదు, రైఫిల్ ఎన్కకు తన్నుతె ఆ దెబ్బ పోనీకె జాగ లేదు, అంత భుజమే తాగాలె. నిలబడ్డప్పుడు నడుము కాడికెళ్లి మీది పెయ్యంత ఎన్కకు ఊగుతది, చెట్టుకొమ్మ గాలికి ఊగినట్టు, దెబ్బ తక్కువేం కాదు గని అది ఒక్క చోట గుద్దకుండ పెయ్యంత పంచుకుంటది. దెబ్బ లెక్క చెప్పాలంటె, ఎనిమిది పౌండ్ల 30-06 రైఫిల్ సుమారు 20 ఫుట్ పౌండ్ల (దెబ్బ జోరు కొలిచే లెక్క) పైన తన్నుతది, తొమ్మిది పౌండ్ల 375 సుమారు 40, అదే బరువున్న 458 అయితె 60 దాక పోతది. మన ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీ 315 రైఫిల్ కాల్చినోళ్లు ఇదంత ఏముందిలే అనుకుంటరు, 315 వేరు, ఇవి వేరు.

ఇంకోటి స్కోపు, అంటే గురి చూసే దుర్బిణి సంగతి. బెంచి మీద తల ముందుకు పాకుతది, కన్ను స్కోపుకు దగ్గరైతది, పెద్ద రైఫిల్ ఎన్కకొచ్చినప్పుడు ఆ స్కోపు రింగు కనుబొమ్మ మీద తగిలి చీరుతది, కుట్లు పడ్డోళ్లను చూసిన. నిలబడితె తల నిటారుగ ఉంటది, కంటికి స్కోపుకు నడుమ దూరం వస్తది. మామూలు స్కోపుకు మూడున్నర అంగుళాలు ఉంటది, పెద్ద రైఫిల్‌కు నాలుగు ఉంటె ఇంక మంచిది.

నేను చేసిన మొదటి తప్పు చెప్తా, ఇది మీరు చెయ్యొద్దు. ఫోన్ల చూసి, రైఫిల్ కుందా (భుజానికి ఆనే కట్టె) ఎన్కాల వచ్చేటట్టు స్టాండుకు ఒక ప్లేటు వెల్డింగ్ పెట్టి, దాని కింద ఇసుక సంచులు వేసి, దెబ్బ భుజానికి రాకుండ స్టాండే తాగేటట్టు కట్టిన. 315 పెట్టి కాల్చిన, భుజానికి ఏం తెల్వలే, మస్తు ఖుషీ అయిన. పదో రౌండుకు చూస్తె కుందాల, ఇనుప భాగం దిగే మెడ కాడ, సన్నగ ఒక పగులు పడ్డది. ఎందుకంటే రైఫిల్‌కు ఎన్కకు పోనీకె జాగ లేదు, ఆ బలమంత కట్టెల్నే ఆగింది. పెద్దనాయిన ఆ పగులు మీద వేలు పెట్టి రుద్దుకుంట అన్నడు, "మోయి బిడ్డా, మోస్తె చాలు, పట్టుకుంటే పగుల్తది." 315 కాబట్టి సరిపోయింది, అదే తాత 375 వాల్‌నట్ కుందా అయితె మళ్ల దొరకదు. అందుకని ఈ రెస్ట్‌కు ఉన్న ఒక్కటే సూత్రం, కిందికెళ్లి మొయ్యాలె, ఎన్కకెళ్లి ఆపొద్దు. ఎన్కాల ఉండేది మనిషి భుజం ఒక్కటే.

ఇగ కట్టుడు. నాలుగు కాళ్లు పెట్టకండ్రి, మూడు కాళ్లు పెట్టుండ్రి. మా చెల్క నేల ఎక్కడ చూసినా ఎత్తుపల్లమే, నాలుగు కాళ్లది ఎప్పుడూ ఒక కాలు గాలిల ఉండి టకటక అంటది, మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా కూసుంటది. ముందుకు ఒకటి, ఎన్కకు రెండు. ఎన్కకు రెండు ఎందుకంటే దెబ్బ ఎన్కకొస్తది, మోచేయి బరువు సుత ఎన్కాల కుడిమూలకే పడుతది.

ముందటి కాలే స్తంభం. 50 బై 50 ఎంఎం చదరపు పైపు, 3 ఎంఎం మందం, నేల మీదికెళ్లి 44 అంగుళాల ఎత్తు, మేస్త్రీలు వాడే తూకం గుండు వేలాడేసి నిటారుగ చూసి నిలబెట్టాలె. దీని లోపల 40 బై 40 పైపు దిగుతది, అది 24 అంగుళాల పొడుగు. ఇక్కడ చానామంది ఆగమైతరు, 50 పైపుల రెండు దిక్కుల 3 ఎంఎం పోతె లోపల 44 మిగుల్తది, 40 పైపు దాంట్ల పెడితె 4 ఎంఎం లూజు, పైన రైఫిల్ పెట్టినంక అది వంద గజాల కాడ ఎంత ఊపుతదో చూసుకోండ్రి. అందుకని లోపలి పైపుకు పక్కపక్క ఉన్న రెండు ముఖాలకు 3 ఎంఎం ఫ్లాట్ పట్టీ నిలువుగ వెల్డింగ్ పెట్టి గ్రైండర్‌తోటి సాపు చెయ్యాలె, ఎదురుగున్న రెండు ముఖాల దిక్కు బయటి పైపుకు 12 ఎంఎం నట్లు వెల్డింగ్ పెట్టి బోల్టులు ఎక్కియ్యాలె. బోల్టు బిగిస్తె లోపలి పైపు మూలకు పోయి ఒత్తుకుంటది, ఇగ కదలదు. పట్టీలు పెట్టకముందే బయటి పైపు లోపల ఉండే అతుకు గీత ఒకసారి చూసుకోండ్రి, అది లేచి ఉంటె పైపు దిగదు, ఆకురాయితోటి రాకాలె. లోపలి పైపుకు అంగుళానికి ఒక బెజ్జం, 12 ఎంఎం సీల దానికి. బోల్టు ఊగుడు ఆపుతది, సీల జారుడు ఆపుతది, రెండూ కావాలె. లోపలి పైపు ఎప్పుడూ కనీసం 8 అంగుళాలు బయటి పైపుల మిగలాలె, 8కి తక్కువ అయితె బోల్టు ఎంత బిగిచ్చినా మీద ఊగుతది.

ఎన్కటి రెండు కాళ్లు 40 పైపు, మీద దగ్గరగ కింద ఎడంగ, రెండు అడుగుల మధ్యన 32 అంగుళాలు రావాలె, ముందటి అడుగు నుంచి ఎన్కటి అడుగుల గీత దాక 36. ముందటి స్తంభం కింద అడుగు పట్టీని స్తంభం కంటె 8 అంగుళాలు ముందుకు పొడిగించి దాని కొనకే అడుగు పెట్టాలె, లేకపోతె మనిషి ముందుకు ఒరిగినప్పుడు స్టాండు ముక్కు మీద పడుతది. నా రెండో స్టాండు అట్లనే పడ్డది, రైఫిల్ చేతుల ఉన్నది కాబట్టి దేవుని దయ. కింద మూడు కాళ్లను కలుపుతు 40 ఎంఎం యాంగులర్‌తోటి త్రికోణం కట్టి దాంట్ల అడ్డం పట్టీలు వేసి తట్టలెక్క చెయ్యాలె, ఇసుక సంచులు కూసోనీకె. కాళ్ల మధ్యన ఏటవాలుగ రెండు క్రాస్ పట్టీలు తప్పనిసరి, ఇవి పెట్టకుంటె స్టాండు పక్కలకు వణుకుతది. అడుగులకు మూడంగుళాల ప్లేట్లు, ప్లేట్లకు బెజ్జాలు, నేలల మేకు దిగ్గొట్టనీకె.

బరువు కోసం ఇనుము మందంగ వెయ్యాల్సిన పని లేదు, ఎత్తుకపోనీకె నడుము పడిపోతది. రేంజి కాడికి పొయినంక తట్టల రెండు సిమెంటు సంచుల నిండ ఇసుక పెడితె 60 కిలోలు అవలీలగ వస్తది. ఇసుక దొరకనికాడ మా నల్లగొండ దిక్కు రాతి కడీల ముక్కలకు కొదవ లేదు, తీగ తెగిపోయిన పందిరి కాడ విరిగి పడి ఉంటయి, రెండు ముక్కలు తట్టల పెట్టి తాడుతోటి కడితె ఇసుక కంటె మంచిగ కూసుంటది. బరువు కిందనే ఉండాలె, పైన వేలాడదీస్తె ఊగుతది.

మీది బల్లకు కట్టె కావాలె, ఇనుప రేకు వద్దు, మే నెలల మన దిక్కు ఎండకు రేకు మీద మోచేయి పెట్టలేము. నేను నల్లతుమ్మ పెట్టిన, బండి చక్రాలకు నాగండ్లకు వాడే కట్టె, బరువు ఉంటది, గట్టిగ ఉంటది, దెబ్బకు పగలదు. టేకు అయితె తేలిక, చిత్రిక పట్టనీకె సుఖం, అదీ నడుస్తది. సర్కారు తుమ్మ మాత్రం వద్దు, దాని మానే వంకర ఉంటది. కట్టె ఎండి ఉండాలె, పచ్చిది పెడితె రెండు నెలలకు మెలి తిరిగి బోల్టులు లూజ్ అయితయి. బల్ల రెండంగుళాల మందం, 14 వెడల్పు, 22 పొడుగు, పైముఖం నేల మీదికెళ్లి 42 అంగుళాలు. మనిషి దిక్కున్న అంచును నెలవంకలెక్క కోసి తియ్యాలె, కడుపు దాంట్లకు వచ్చేటట్టు. కని ఛాతి ఆనుకునేంత లోతు కొయ్యొద్దు, మళ్ల అదే బెంచి అయితది. కుడి దిక్కు కొమ్ము కొంచెం పొడుగు ఉంచుండ్రి, దాని మీదనే కుడి మోచేయి కూసుంటది, నాలుగంగుళాల ఇసుక దిండు పెట్టుకోని. ఎడంచేతి వాటం ఉన్నోళ్లు తిప్పి కోసుకోవాలె. బల్లను రసమట్టం పెట్టి చూసి బోల్టు చెయ్యండ్రి, బోల్టు తలలు కట్టె లోపలికి దిగాలె, బయటికి ఉంటె మోచేయి చీరుతది.

స్తంభం పైన పంగ. 5 ఎంఎం ఫ్లాట్‌ను నాలుగంగుళాల వెడల్పు యూ లెక్క వంచి, అంచులన్ని ఆకురాయితోటి గుండ్రంగ చేసి, లోపలి పైపు కొనకు వెల్డింగ్ పెట్టాలె. రైఫిల్‌కు ఇనుము ఎక్కడా తగలొద్దు, పంగల దిండు కూసుంటది, దిండు మీద రైఫిల్ కూసుంటది. పంగ గోడలు కుందాను బిగబట్టొద్దు, రెండు దిక్కుల వేలు పట్టే సందు ఉండాలె, రైఫిల్ ఎన్కకు జారాలె, మళ్ల ముందుకు జరిపితె రావాలె.

దిండు సంగతి చాలామంది పట్టించుకోరు, సగం పని దాంట్లనే ఉన్నది. ఇసుక వాగుల తెచ్చుకున్నది అయితె రెండుసార్లు జల్లెడ పట్టి, పొయ్యి మీద బాండిల వేసి చెమ్మ పొయ్యేదాక వేయించుండ్రి. చెమ్మ ఇసుక గడ్డ కడతది, ఇనుముకు తుప్పు పట్టిస్తది. గింజలు నింపుదామని జొన్నలు పెట్టిన ఒకసారి, తేలికగ మంచిగనే ఉండె, నెల తిరగకముందే పురుగు పట్టింది, ఎలుకలు కొరికినయి. ఊక మరీ మెత్తన, రెండు దెబ్బలకే నలిగి కిందికి పోతది. ఇసుకే మంచిది. సంచి రెండు పొరలు, లోపల గట్టి కాన్వాసు, బయట తోలు, చెప్పులు కుట్టేకాడ ఇస్తె దబ్బనం తోటి రెండు వరుసలు కుట్టిస్తరు. కుట్టు కిందికి రావాలె, రైఫిల్ జారే దిక్కు రావొద్దు. నిండుగ కుక్కొద్దు, పిడికిలితోటి గుద్దితె లోపలికి గుంట పడాలె, ఆ గుంటల్నే రైఫిల్ కూసుంటది.

రైఫిల్ ఎక్కడ ఆనాలె అంటే, బ్యారెల్ కింద ఉండే ముందటి కట్టె మీద, నడిమిట్ల. బ్యారెల్ మీద ఎన్నడూ ఆనియ్యొద్దు, తూటా పోయేటప్పుడు బ్యారెల్ వణుకుతది, గట్టిదానికి ఆనితె అది ఎగిరి గుండు మీదికి పోతది, సైటు సరిచేసిన లెక్క అంత తప్పయితది. బెల్టు కొక్కెం చూసుకోండ్రి, ముందటి కట్టెకు ఉన్న కొక్కెం దిండుకు మూడంగుళాలన్నా ముందు ఉండాలె, లేకుంటె దెబ్బకు ఎన్కకొచ్చి దిండును చీరుతది, చెయ్యి ఉంటె చెయ్యినే చీరుతది. పెద్ద రైఫిల్స్‌కు ఆ కొక్కెం బ్యారెల్ మీద ముందుకు పెట్టేది అందుకే.

డబుల్ రైఫిల్ ఉన్నోళ్లకు ఒక ముచ్చట వేరేగ చెప్పాలె. రెండు బ్యారెళ్లు ఒక్కచోట కొట్టేటట్టు కూర్చేటప్పుడు ఆ దెబ్బకు రైఫిల్ ఎట్ల ఎగురుతదో దాన్ని లెక్కల పెట్టుకోనే కూరుస్తరు, ఇంగ్లండుల ఆ పని చేసేటోళ్లు నిలబడే రెస్ట్ మీదనే కాల్చి చూసేటోళ్లు. దాన్ని నేరుగ దిండు మీద పెడితె రెండు గుండ్లు రెండు దిక్కుల పోతయి, రైఫిల్ చెడిపోయిందని పరేషాన్ అయితరు. ఎడమచేతి ఎన్కభాగం దిండు మీద ఆనిచ్చి, అరచేతిల రైఫిల్ పట్టుకోవాలె, చేతుల పట్టుకోని కాల్చినట్టే. బోల్టు రైఫిల్‌కు దిండు మీద నేరుగ నడుస్తది, కని ఎడమచేత్తోటి పంగకు ఎన్కాల కట్టెను గట్టిగ కిందికి, భుజం దిక్కు పట్టి గుంజాలె. వదిలేసి కాలిస్తె ముందు మూతి ఎగిరి మొత్తం రైఫిల్ పంగలకెళ్లి లేస్తది.

ఎత్తు కుదిరిచ్చుకునేది ఇట్ల. ఖాళీ రైఫిల్, బోల్టు తీసి, నిటారుగ నిలబడి భుజానికి పెట్టుకోండ్రి, కండ్లు మూసుకోండ్రి, ఎక్కడ సుఖంగ ఉంటదో అక్కడ ఆగి ముందటి కట్టె కింద ఎంత ఎత్తున్నదో ఇంకొకరితోటి టేపు పెట్టి కొలిపియ్యండ్రి. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి దిండు పైభాగం 50 నుంచి 54 మధ్యన వస్తది. మెడ వంగితె ఎత్తు తక్కువైనట్టు, భుజం లేస్తె ఎక్కువైనట్టు. ఎడమకాలు ముందు, కుడికాలు ఎన్క, భుజాలు నడుము కంటె కొంచెం ముందుకు. ఎన్కకు ఒరిగి నిలబడితె దెబ్బ మనిషిని రెండు అడుగులు నూకుతది.

కాల్చేముందు ఇంకోటి తప్పకుండ చూడాలె, బోల్టు తీసిన రైఫిల్ బ్యారెల్‌లకెళ్లి చూడుండ్రి, టార్గెట్ కనిపించాలె, పంగ అంచు గని బల్ల గని కనిపించొద్దు. స్కోపు బ్యారెల్ కంటె అంగుళంన్నర మీద ఉంటది, స్కోపుల అంత సాపుగ కనిపిస్తది, గుండు మాత్రం స్టాండుకే తగులొచ్చు. బ్యారెల్ మూతి పంగ దాటి ముందుకే ఉండాలె.

మొదటి రోజు 375 పెట్టకండ్రి. డమ్మీ తూటాతోటి ఇరవైసార్లు ట్రిగ్గర్ గుంజండ్రి, చెయ్యి అదరకుండ అలవాటు కావాలె. తర్వాత 315 గని 30-06 గని అయిదు రౌండ్లు, స్టాండు కదిలిందా, వెల్డింగ్ల ఎక్కడన్న చీలిక వచ్చిందా చూసుకోవాలె, బోల్టులు మళ్ల బిగించాలె, దిండు కుదురుకుంటది కాబట్టి ఎత్తు సుత ఒకసారి సరిచెయ్యాలె. ఆ తర్వాతనే పెద్దది, ఒక్కొక్క తూటా, మ్యాగజైన్ నింపకుండ. చెవులల్ల బిరడలు, వాటి మీద చెవులు మూసే మఫ్లు, రెండూ పెట్టుకోవాలె, కండ్లకు అద్దాలు. ముందు 50 గజాల కాడ మూడు రౌండ్లు, సరిగ పడితె వందకు. దినానికి పది పన్నెండు రౌండ్లకు మించొద్దు, దెబ్బకు భయం పట్టినంక చెయ్యి తనకు తానే గుంజుతది, అది పోవాలంటె నెలలు పడుతది.

ఎండాకాలం పొద్దుగాలే పోవాలె. తూటాలు ఎండల పెట్టొద్దు, ఎండకు కాలిన తూటాల మందు ఎక్కువ జోరుగ కాలి ప్రెషర్ లేస్తది. పాతకాలం ఇంగ్లీషోళ్లు మనలాంటి ఎండ దేశాలకు కార్డైట్ మందు తగ్గించిన తూటాలు వేరుగ చేసి పంపింది ఇందుకే. తడిబట్ట చుట్టిన డబ్బాల, నీడకు పెట్టుకోని, ఒక్కొక్కటి తీసుకోండ్రి. బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడైతె ఆపండ్రి, చల్లారినంక మళ్ల.

మా పెద్దనాయిన డెబ్బై దాటిండు. పోయిన చలికాలం ఈ మూడో స్టాండు మీద ఎనిమిది రౌండ్లు కాల్చిండు, వంద గజాల కాడ చివరి మూడు అరచేతిల పట్టేంత జాగల పడ్డయి, తెల్లారి చెయ్యి లేపి చూపిచ్చిండు. స్తంభం మీద ఆయన ఎత్తు కాడ ఎర్ర రంగు గీత పెట్టిన, నా ఎత్తుకు పసుపు గీత, ఎవరు నిలబడితె వాళ్ల గీతకు సీల వేస్తం. వాన రాకముందు ఇనుముకు రెడ్ ఆక్సైడ్ వేసి, బల్లకు అవిసె నూనె పట్టిచ్చి, దిండ్లు మాత్రం నేల మీద పెట్టకుండ దూలానికి వేలాడదీస్తం, సీలను గొలుసుతోటి స్తంభానికే కట్టేసి ఉంచుతం, ఒకసారి సీల ఇంట్ల మర్చిపోయి రేంజి దాక పోయి వాపస్ వచ్చినం.